కోడ్ ఇచ్చావు సరే, రాత్రి నిద్ర కూడా ఇచ్చేశావా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఉద్దానంలో ఒక పల్లె. 2018లో తిత్లీ తుఫానుకి మా జీడి తోట సగం పైనే పోయింది. డిగ్రీ అయ్యాక నేను రెండేళ్ళు హైదరాబాద్‌లో ప్రోగ్రామర్‌గా చేశాను, నాన్నకి ఒంట్లో బాగోక ఇంటికొచ్చేసి ఇప్పుడు కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తున్నాను. అక్కడి అవస్థ చూసి నాలుగేళ్ళ కిందట ఒక ప్రోగ్రామ్ రాశాను. 80 కిలోల పిక్కల బస్తా లోపలికొచ్చిన దగ్గర్నుంచి పప్పు ఎంత దిగింది, గుండు ఎంత, బద్ద ఎంత, ఒలుపు చేసే ఆడవాళ్ళకి కిలో లెక్కన వారం కూలి ఎంత, అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలి, అన్నీ అదే చూసుకుంటుంది. పైతాన్ భాషలో రాశాను, డేటా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. కాలేజీ రోజుల నుంచీ ఓపెన్ సోర్స్ అంటే, రాసిన కోడ్ అందరికీ తెరిచి ఇవ్వడమంటే, నాకు పిచ్చి, అందుకే ఎంఐటీ లైసెన్సుతో నెట్‌లో పెట్టేశాను. 14 ఫ్యాక్టరీలు వాడుతున్నాయి, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. మొన్న తెలిసింది, విశాఖలో ఒక కంపెనీ దాన్నే రంగు మార్చి, పేరు మార్చి 18,000 రూపాయలకి అమ్ముతోందట. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. నాన్నయితే "చెట్టు నీది, పిక్కలు ఊరోళ్ళవీనా" అంటున్నాడు. ఇంకోపక్క వాడేవాళ్ళ ఫోన్లు, శనివారం కూలి ఇచ్చే రోజైతే రాత్రి పదకొండింటికి కూడా వస్తాయి, ఎత్తకపోతే కోపాలు. విజయనగరం కుర్రాడొకడు కొంత కోడ్ రాసిచ్చాడు, అతని సంగతేంటో కూడా తెలీదు. ఇప్పుడు కోడ్ మూసేయనా? కేసు వేయనా? అసలు ఓపెన్ సోర్స్ అనేది కడుపు నిండినవాళ్ళ కబుర్లేనా?

సమాధానం: తమ్ముడూ, నీ పేరూ ప్రోగ్రామ్ పేరూ నేనే తీసేశాను, కాశీబుగ్గ చిన్న ఊరు, ఇట్టే తెలిసిపోతుంది. ముందు నీకు నచ్చని మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడతాను. ఆ కంపెనీ నీ కోడ్ దొంగిలించలేదు. అమ్ముకోమని నువ్వే రాసిచ్చావు. ఎంఐటీ లైసెన్సు మొత్తం కలిపితే పోస్టుకార్డుకి అటూ ఇటూ పడుతుంది, అంత చిన్నది, అందులో వాడుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు అని చెప్పి చివర్లో అమ్ముకోవచ్చు అన్న ముక్క కూడా స్పష్టంగా ఉంటుంది. మనం చదవం. నేనూ చదవలేదులే, నా మొదటి ప్రాజెక్టుకి అదే లైసెన్సు పెట్టాను, ఎందుకంటే వెబ్‌సైట్‌లో లిస్టులో అది పైన కనిపించింది.

అయితే ఆ పోస్టుకార్డులో ఇంకో రెండు సంగతులున్నాయి, నీ ఉత్తరంలోని రెండు బాధలకీ సరిపోతాయి. ఒకటి, కాపీ ఇచ్చిన ప్రతిచోటా నీ పేరుతో ఉన్న కాపీరైట్ వాక్యమూ ఆ అనుమతి పాఠమూ ఉండి తీరాలి. వాళ్ళ మీద ఉన్న షరతు మొత్తానికి అదొక్కటే. రెండోది కింద పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఇది ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను, ఏ గ్యారంటీ లేదు, దీనివల్ల ఏం జరిగినా నాకు సంబంధం లేదు అని. అంటే కూలి లెక్క తేడా వచ్చిందని శనివారం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసే హక్కు ఎవరికీ లేదని నువ్వే పెద్ద అక్షరాలతో రాసి, ఆ ఫోన్లన్నీ నువ్వే ఎత్తుతున్నావు.

మొదటిదాని సంగతి చూద్దాం. ఆ విశాఖ ప్రోగ్రామ్ కొన్న ఫ్యాక్టరీ ఒకటి నీకు తెలిసే ఉంటుంది, కాశీబుగ్గలో తెలియనిదేముంది. వెళ్ళి టీ తాగి, వాళ్ళ కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ చూడు, "అబౌట్" పేజీ చూడు, నీ కాపీరైట్ వాక్యం ఎక్కడైనా ఉందా లేదా. ఉంటే వాళ్ళు లైసెన్సు ప్రకారమే చేశారు, ఆ గొడవ అక్కడితో వదిలెయ్. లేకపోతే అప్పుడు తప్పు వాళ్ళది. మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ 1957 కాపీరైట్ చట్టం కింద సాహిత్య రచనలాగే రక్షణ ఉన్న వస్తువు, కథకి ఉన్నట్టే దానికీ ఉంటుంది. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని, నువ్వు ఏ తేదీన నెట్‌లో పెట్టావో ఆ చరిత్ర జాగ్రత్త చేసుకుని, మర్యాదగా ఒక ఉత్తరం రాయి. 30 రోజుల్లో నా పేరూ లైసెన్సు పాఠమూ చేర్చండి అని, అంతే. కేసు మాట మొదటి ఉత్తరంలో ఎత్తకు. కోర్టుకెక్కితే లాయరు ఫీజులకి నీ రెండేళ్ళ జీతం పోతుంది, గెలిచినా నీకు వచ్చేది ముందుగా ఆ పేరే, అదేదో ఉత్తరంతోనే రాబట్టుకో.

పేరుదేముందిలే అనుకుంటున్నావేమో. నీ దగ్గర అమ్మడానికి ఉన్న సరుకు అదేనయ్యా. కోడ్ ఎవరైనా దించుకోగలరు. "దీన్ని రాసినవాడు ఇక్కడే, మన కాశీబుగ్గలోనే ఉన్నాడు" అన్న మాట విశాఖవాళ్ళు దించుకోలేరు.

ఇక నువ్వు ఉత్తరంలో అడగకపోయినా నీ మనసులో ఉండే ప్రశ్న, "ఎంఐటీ బదులు జీపీఎల్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ లైసెన్సు పెట్టి ఉంటే బాగుండేదా". కొంత బాగుండేది, నువ్వనుకున్నంత కాదు. జీపీఎల్ కూడా అమ్ముకోవద్దని చెప్పదు. ఆ లైసెన్సు వెనకున్న రిచర్డ్ స్టాల్‌మన్ స్వయంగా 1985లో తన ఈమాక్స్ ఎడిటర్‌ని టేపులో ఎక్కించి 150 డాలర్లకి అమ్మాడు, 1984 జనవరిలో ఎంఐటీ యూనివర్సిటీలో ఉద్యోగం మానేశాక ఆయనకి తిండి గింజలు ఆ టేపుల వల్లే వచ్చాయి. నెట్ అందుబాటులో ఉన్నవాళ్ళు అదే ఈమాక్స్‌ని ఊరికే దించుకున్నారు, లేనివాళ్ళు డబ్బిచ్చి టేపు తెప్పించుకున్నారు. మన దగ్గర ఆదర్శం అనగానే డబ్బు ముట్టుకోకూడదనుకుంటాం, మరి ఆ ఆదర్శానికి పెద్దాయన మొదట్లోనే రేటు పెట్టి కూర్చున్నాడు.

జీపీఎల్ చెప్పేది వేరు. మార్చి ఇంకొకళ్ళకి ఇస్తే, ఆ మార్చిన సోర్సు, అంటే రాసిన కోడ్ కూడా, పుచ్చుకున్నవాళ్ళకి అదే లైసెన్సుతో ఇవ్వాలి. గమనించు, పుచ్చుకున్నవాళ్ళకి, రాసిన నీకు కాదు. విశాఖ కంపెనీ నీకు పంపక్కర్లేదు, 18,000 కట్టిన ఫ్యాక్టరీవాళ్ళు అడిగితే వాళ్ళకి ఇవ్వాలి, వాళ్ళు నీకు ఇచ్చుకుంటే అది వాళ్ళిష్టం. అదే ఆ కంపెనీ ప్రోగ్రామ్‌ని తన సర్వర్‌లో పెట్టి ఫ్యాక్టరీవాళ్ళని బ్రౌజర్‌లో వాడుకోమంటే మామూలు జీపీఎల్‌కి అది అందదు, ఎందుకంటే కాపీ ఎవరికీ ఇవ్వలేదు కదా. ఆ సందు మూయడానికే 2007లో ఏజీపీఎల్ మూడో వెర్షన్ వచ్చింది, ప్రోగ్రామ్‌ని మార్చి సర్వర్ మీద పెడితే అక్కడ వాడుకునేవాళ్ళకి కూడా సోర్సు చూపించమంటుంది అది.

పోనీ అమ్మకూడదు అని రాసేస్తేనో? లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదట అలాగే ఉండేది. 1991లో దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన మొదటి లైసెన్సులో డబ్బు తీసుకుని పంచకూడదు అని ఉంది. ఫ్లాపీలలో కాపీ చేసి పంపేవాళ్ళకి ఆ ఫ్లాపీ ఖర్చు కూడా తీసుకునే వీల్లేకుండా పోయింది, దాంతో 1992లో జీపీఎల్‌కి మార్చేశాడు, ఆ మార్పు లేకపోతే ఈ రోజు లైనక్స్ ఇలా ఉండేది కాదు. పైగా నీ విషయంలో ఇంకో చిక్కుంది. వ్యాపారానికి వాడకూడదు అంటే నీ 14 జీడి ఫ్యాక్టరీలు చేస్తున్నదేమిటి, సంఘసేవా?

ఇక్కడొక్క నిమిషం ఆగు. నీ ప్రోగ్రామ్ ఎస్‌క్యూలైట్ మీద నడుస్తోందని రాశావు. దానికెంత కట్టావు? ఏమీ కట్టలేదు, కట్టక్కర్లేదు. అమెరికాలో రిచర్డ్ హిప్ అనే ఆయన నేవీ ఓడకి సంబంధించిన ఒక పనిలో ఉన్నప్పుడు మొదలుపెట్టి 2000లో బయటపెట్టాడు, తర్వాత ఏ లైసెన్సూ లేకుండా పబ్లిక్ డొమెయిన్‌లో, అంటే అందరి సొత్తుగా, పడేశాడు. ఎంఐటీ అడిగే ఆ పేరు కూడా ఆయన అడగలేదు. నీ ఫోన్‌లో ఉంది, నా ఫోన్‌లో ఉంది, ఆ విశాఖ కంపెనీ ఓనరు ఫోన్‌లోనూ ఉంది. నీ కోడ్‌తో విశాఖవాళ్ళు చేసిందే నువ్వు హిప్ కోడ్‌తో చేశావు, తేడా ఏంటంటే వాళ్ళు డబ్బు తీసుకున్నారు, నువ్వు మొహమాటపడ్డావు. నిన్ను గిల్లడానికి అనట్లేదు. ఆయనకి నీమీద ఎందుకు కోపం రాలేదో ఆలోచించమంటున్నాను.

ఎందుకంటే ఆయన కోడ్ ఇచ్చాడు కానీ తననీ తన టీమునీ ఇవ్వలేదు. కంపెనీలకి ఏదైనా కావాలంటే సపోర్టుకి డబ్బు కట్టాలి, పెద్ద కంపెనీలు సభ్యత్వం తీసుకుని ఏటా కడతాయి. పబ్లిక్ డొమెయిన్ అంటే మా లాయర్లు ఒప్పుకోవట్లేదు, ఏదో ఒక కాగితం ఇవ్వండి అని అడిగే కంపెనీలకి ఆ కాగితం కూడా అమ్ముతారు! ఊరికే దొరికేదానికి లైసెన్సు కాగితం కొనుక్కోవడం, ఇది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎస్‌క్యూలైట్ సోర్సు అందరూ చూడొచ్చు, వాడుకోవచ్చు, కానీ బయటివాళ్ళు పంపే కోడ్ మాత్రం ఊరికే కలుపుకోరు. అంటే తలుపు తెరిచి ఉంది, అలాగని వంటింట్లోకి రావడానికి లేదు.

నువ్వు చేసిన తప్పు ఏదైనా ఉంటే ఇక్కడుంది. లైసెన్సు ఎంచుకోవడంలో కాదు. కోడ్‌తో పాటు శనివారం రాత్రులూ, పిక్కల సీజన్ మొత్తం నీ ఆదివారాలూ, "తమ్ముడూ ఈ రిపోర్టు కొంచెం మార్చవా" అన్న ప్రతి మాటకీ సరే అనడమూ, ఇవన్నీ ఏ లైసెన్సూ అడక్కుండానే ఇచ్చేశావు.

నా సొంత గోడు కొంచెం చెప్తాను. విజయనగరం వచ్చేశాక నేను కాలేజీ లైబ్రరీలకి కోహా పెట్టి ఇచ్చే పని చేస్తున్నాను. పుస్తకాల లెక్క, ఇవ్వడం తీసుకోవడం అంతా అందులో నడుస్తుంది, అదీ జీపీఎల్ సాఫ్ట్‌వేరే. మొదట్లో ఒక కాలేజీవాళ్ళకి 22 వేల పుస్తకాల పాత రిజిస్టర్లు ఎక్సెల్‌లోకి, ఎక్సెల్ నుంచి కోహాలోకి ఎక్కించి, బార్‌కోడ్‌లు అంటించి, ఇద్దరు లైబ్రరీవాళ్ళకి నేర్పించి బిల్లు పంపితే, కరస్పాండెంట్ గారు పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి "అమ్మా, ఇది ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని మీరే చెప్పారు కదా, మరి ఈ డబ్బులేంటి" అన్నారు. నా మొహాన నెత్తురు చుక్క లేదు. తప్పు నాదీ ఉంది, పని మొదలుపెట్టే ముందు కాగితం మీద ఏమీ రాసుకోలేదు, "ఫ్రీ" అన్న మాట మాత్రం మూడుసార్లు గొప్పగా చెప్పాను. సగం డబ్బు ఏడాదికి వచ్చింది, మిగతా సగం ఇప్పటికీ కాఫీ కిందే జమ. అప్పట్నుంచి నేను ఫ్రీ అన్న మాట వాడను. "సాఫ్ట్‌వేర్ మీ సొంతం, ఏటా లైసెన్సు కట్టక్కర్లేదు, నా పనికి ఇంత" అంటాను. ఇలా చెప్తే వాళ్ళకీ అర్థమవుతుంది. తాపీమేస్త్రీ ఇసుక ఊరికే దొరికిందని కూలి మానేస్తాడా?

ఈ కోహా పుట్టుక చెప్తే నీ చివరి ప్రశ్నకి కూడా సగం జవాబు దొరుకుతుంది. న్యూజీలాండ్‌లో హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ ట్రస్టు ఉంది. వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయదని తెలిసి, కొత్తది కొనడం బదులు ఒక చిన్న కంపెనీకి డబ్బిచ్చి రాయించుకున్నారు. 2000 జనవరిలో మొదలైంది, రాయించుకున్నాక అందరికీ వదిలేశారు. కోహా అంటే అక్కడి మావోరీ భాషలో కానుక అని, అయితే ఊరికే ఇచ్చి మర్చిపోయే కానుక కాదు, పుచ్చుకున్నవాళ్ళు ఎప్పుడో ఏదో రూపంలో తిరిగి ఇస్తారన్న నమ్మకంతో ఇచ్చేది. మన పెళ్ళిళ్ళలో చదివింపులు నోటుబుక్కులో రాసుకుంటాం చూడు, అలాంటిదనుకో. అది రాసిన ప్రోగ్రామర్లు ఊరికే రాయలేదు, కూలి తీసుకుని రాశారు, కట్టింది ట్రస్టు.

తర్వాత ఒక అమెరికా కంపెనీ అదే న్యూజీలాండ్‌లో కోహా అన్న పేరు మీదే ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు పెట్టింది. 2011లో అది బయటపడి పెద్ద గొడవైంది, రాయించుకున్న లైబ్రరీవాళ్ళే తమ పేరు కాపాడుకోవడానికి చందాలు అడగాల్సి వచ్చింది, ఆఖరికి కంపెనీ దరఖాస్తు నెగ్గలేదు. జీపీఎల్ కోడ్‌ని కాపాడింది గానీ పేరుని కాపాడలేదు, పేరు వేరే చట్టం కిందికి వస్తుంది. అందుకే చెప్తున్నాను, నీ ప్రోగ్రామ్ పేరు బాగుంది, ఎవడో ఎత్తుకుపోకముందే ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు పెట్టు. సాఫ్ట్‌వేర్ 9వ క్లాసు కింద వస్తుంది, వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. విశాఖవాళ్ళు పేరు మార్చి అమ్మడం నీకు అవమానంగా ఉంది కదా, నిజానికి అది నీ అదృష్టం, నీ పేరుతోనే అమ్మి ఉంటే ఫోన్లు కూడా నీకే వచ్చేవి.

ఇక కడుపు నిండినవాళ్ళ కబుర్లేనా అన్నావు. సగం అవును. లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోకి ఈ రోజు వచ్చే కోడ్‌లో ఎక్కువ భాగం ఏదో ఒక కంపెనీ జీతమిస్తున్న ఇంజనీర్లు రాసేదే, ఎవరో హిమాలయాల్లో కూర్చుని రాయట్లేదు. మన పక్కనే చూడు, శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 1997లో కథానిలయం పెట్టారు, తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చి, నెట్‌లో కూడా ఎవరైనా చదువుకునేలా పెట్టించారు. చదివేవాళ్ళకి ఖర్చు లేదు. కానీ ఆ బిల్డింగూ, బీరువాలూ, స్కానింగూ గాల్లోంచి రాలేదు, మాస్టారు తనకొచ్చిన అవార్డు డబ్బులు అందులో పెట్టారు, తర్వాత ఇంకెందరో చెయ్యి వేశారు. ఊరికే దొరికే ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు, ట్రస్టో, కంపెనీయో, అవార్డు డబ్బో. నీ ప్రోగ్రామ్‌కి ఈ నాలుగేళ్ళూ కట్టింది నువ్వొక్కడివే, నీ నిద్రతో కట్టావు, జీడిపప్పు ఎగుమతి చేసే 14 మంది యజమానులు ఏమీ కట్టలేదు. నాకు కోపమొచ్చేది విశాఖ కంపెనీ మీద కంటే ఇక్కడే. ఆ కంపెనీ కనీసం నీ పనికి 18,000 విలువ ఉందని నిరూపించింది.

నిద్ర అంటే గుర్తొచ్చింది, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ గొడవ చదివే ఉంటావు. ఫైళ్ళు కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది, ప్రపంచంలో దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది, ఏళ్ళ తరబడి దాన్ని ఒకే మనిషి ఖాళీ సమయంలో చూసుకుంటున్నాడు. ఎందుకు ఆలస్యం చేస్తున్నావు, చేతకాకపోతే ఇంకొకళ్ళకి అప్పగించు అని కొన్ని ఖాతాల నుంచి అదేపనిగా మెయిళ్ళు, ఆ మధ్యలో ఎంతో మర్యాదగా సాయం చేసే కొత్త మనిషి ఒకడు దిగాడు, రెండేళ్ళు నమ్మకం సంపాదించాడు, తాళాలు చేతికొచ్చాక లోపల దొంగ తలుపు పెట్టేశాడు. లాగిన్ అవడానికి అరసెకను ఎక్కువ పడుతోందేంటి అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి దొరికింది గానీ లేకపోతే ఏమయ్యేదో. ఇదంతా ఎందుకంటే, అలిసిపోయిన మనిషి చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ వాడుకునేవాళ్ళకే ప్రమాదం. నీ దాంట్లో ఉన్నవి ఒలుపు ఆడవాళ్ళ కూలి లెక్కలు. రాత్రి పదకొండున్నరకి నిద్రమత్తులో ఫోన్‌లో చెప్పి మార్పించిన ఒక్క లెక్క తప్పైతే ఎవరో ఒకావిడ వారం కష్టంలో కోతపడుతుంది, ఆవిడకి నీ ఓపెన్ సోర్స్ గురించీ తెలియదు, ఎంఐటీ గురించీ తెలియదు.

మూసేయనా అన్నావు. మూస్తే ఏమవుతుందో చెప్తాను. నువ్వు ఇప్పటిదాకా పెట్టిన వెర్షన్ దించుకున్నవాళ్ళ దగ్గర ఎంఐటీతోనే ఉంటుంది, దాన్ని వెనక్కి లాక్కోలేవు. కొత్త వెర్షన్ నుంచే ఏదైనా మార్చగలవు. పెద్దపెద్దవాళ్ళే ఇందులో చెయ్యి కాల్చుకున్నారు. ఎలాస్టిక్, రెడిస్ అని డేటా వెతకడానికీ దాచడానికీ వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి. ఎలాస్టిక్ 2021లో, రెడిస్ 2024లో, మా కోడ్‌తో క్లౌడ్ కంపెనీలు సంపాదించుకుంటున్నాయని లైసెన్సు బిగించారు, బిగించగానే పాత వెర్షన్ పట్టుకుని అవతలివాళ్ళు ఓపెన్‌సెర్చ్ అనీ, వాల్కీ అనీ వేరు కుంపట్లు పెట్టుకున్నారు, చివరికి ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ కూడా చేర్చి మళ్ళీ ఓపెన్ సోర్స్ గూటికి వచ్చాయి. వాళ్ళకి లాయర్లున్నారు, ఇన్వెస్టర్లున్నారు. నీకు శనివారం జీతాల టెన్షన్ ఉంది. మూయకు.

నేనైతే ఏం చేస్తానంటే, పాతది ఉన్నచోటే ఉంచి, కొత్త వెర్షన్ ఏజీపీఎల్‌తో పెడతాను. విజయనగరం అబ్బాయి రాసిచ్చిన కోడ్ కూడా ఎంఐటీ కిందే వచ్చింది కాబట్టి అతని కాపీరైట్ వాక్యం ఉంచినంతకాలం చట్టం ప్రకారం నువ్వతన్ని అడగక్కర్లేదు. అయినా అడుగు. అడక్కుండా చేస్తే విశాఖవాళ్ళకీ నీకూ తేడా ఏముంది? ఇకముందు అతను రాసేది ఏజీపీఎల్ కింద రాస్తే, రేపు ఏదైనా కంపెనీకి నువ్వు వేరే లైసెన్సు అమ్మాలంటే అప్పుడు అతని ఒప్పుకోలు కావాలి, వచ్చినదాంట్లో అతనికెంతో కూడా ఇప్పుడే ఒక మెయిల్‌లో రాసుకోండి. స్నేహితుల మధ్య కాగితం ఎందుకు అనుకోవద్దు, నా కాఫీ గుర్తుంది కదా.

తర్వాత ఆ 14 ఫ్యాక్టరీలు. ఒక పేజీ రాసి అందరికీ ఒకే రోజు పంపు. ప్రోగ్రామ్ ఎప్పట్లాగే మీది, ఎవరూ దానికి కట్టక్కర్లేదు. నా సాయం కావాలంటే ఏడాదికి 6,000, అందులో ఇన్ని ఫోన్లు, శనివారం రాత్రి తొమ్మిది దాకా, మిగతా రోజులు ఏడు దాకా, కొత్త రిపోర్టులు కావాలంటే విడిగా రేటు. డబ్బు కట్టని వాళ్ళు అడిగినవి ఆన్‌లైన్‌లో రాసిపెడితే నాకు వీలున్నప్పుడు చూస్తాను. ఇంతే, సంజాయిషీలు రాయకు. సీజన్ మధ్యలో పంపకు, పిక్క దిగే మార్చి నుంచి జూన్ దాకా ఎవరూ కాగితం చదవరు, ఆ తర్వాత పంపు. ఒకరిద్దరు మొహం ముడుచుకుంటారు. "మావాడే కదా అనుకున్నాం" అంటారు. మనవాడైతే మరీ ఇవ్వాలి కదా.

లెక్క కూడా నిజాయితీగా వేసుకో. 14 మందీ కట్టినా 84,000, నెలకి 7,000. అందరూ కట్టరు, ఎనిమిది మంది కడితే గొప్ప. కాబట్టి ఫ్యాక్టరీ ఉద్యోగం ఇప్పుడే మానేస్తానని ఇంట్లో ప్రకటించకు. మీ ఓనరుతో కూడా ఒక మాట తేల్చుకో, ఆయన ఆఫీసు టైములో, ఆయన కంప్యూటర్ మీద ఎంత రాశావో నీకే తెలుసు, ఉద్యోగంలో భాగంగా రాసినదైతే హక్కు యజమానిది అనే అవకాశం ఉంది. ఇది నీ ఉత్తరంలో నువ్వు ఎత్తలేదు, విశాఖవాళ్ళ లాయరు మాత్రం ముందుగా ఎత్తేది ఇదే. ఆయనకి అభ్యంతరం లేదని రెండు లైన్ల కాగితం తీసుకో, ఉత్తరం పంపడానికి ముందే తీసుకో.

బెంగళూరు షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోదావాళ్ళు 2024లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి ఏడాదికి 10 లక్షల డాలర్లు ఇచ్చే ఫండ్ పెట్టారు, నీ ఫ్రెండ్స్ ఎవరో దాని గురించి చెప్తారు. మంచి పనే. కానీ ప్రపంచమంతా వాడే వాటికి దొరికే డబ్బది, పలాస జీడి లెక్కలకి ఇస్తారని నేననుకోను, దాని మీద ఆశ పెట్టుకుని మొహమాటం పొడిగించుకోకు.

చివరిగా ఆ కంపెనీ. పేరు విషయం తేలాక, కోపం తగ్గాక, వాళ్ళకే ఇంకో మెయిల్ రాయి. వాళ్ళు రంగు మార్చారు గానీ లోపల కోడ్ వాళ్ళకేం తెలుసు, గుండూ బద్దా తేడా తెలిసినవాడు ఆ ఆఫీసులో ఒక్కడైనా ఉంటాడని నాకు నమ్మకం లేదు. వాళ్ళ కస్టమర్లకి సమస్య వచ్చినప్పుడు సరిచేసేవాడు కావాలి, కొత్త వెర్షన్‌లో నువ్వు చేర్చినవి కావాలి, ఏజీపీఎల్ వద్దనుకుంటే నీ దగ్గర వేరే లైసెన్సు కొనుక్కోవాలి. నెలకి ఇంత అని ఒక రేటు చెప్పు, తక్కువ చెప్పకు. నా లెక్క ప్రకారం ఆ 14 మంది కంటే వీళ్ళే నీకు మంచి కస్టమర్లు, డబ్బు తీసుకోవడం తెలిసినవాళ్ళకి డబ్బివ్వాలన్నదీ తెలుస్తుంది. ఒప్పుకోకపోతే పోయిందేముంది, కాశీబుగ్గలో ఉన్నది నువ్వు, విశాఖ నుంచి బస్సెక్కి రావాల్సింది వాళ్ళు.

మొదటి ఉత్తరం డ్రాఫ్ట్ రాశాక పంపే ముందు నాకు చూపించు, కోపంగా ఉన్న రెండు మూడు వాక్యాలు కొట్టేసి ఇస్తాను. దీనికి ఫీజు లేదులే. రెండోసారి అడిగితే ఉంటుంది.